సున్నంలోకి ఎముక

మార్చి 4, సోమవారం

ఈ డైరీ రంగుల షాపువాడు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగున ఒక రంగూ దాని పేరూ వేశారు. ఇవాళ్టి రంగు తేనె పసుపు. నా మొహం మాత్రం పాత సున్నం రంగులో ఉంది.

ఇన్నాళ్ళూ దీన్ని రంగు డబ్బాల కింద వేసుకున్నాను. ఇవాళ రాయడం దేనికంటే, ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. మా ఆవిడ మూడు రోజుల నుంచి గిన్నెలతోనే మాట్లాడుతోంది. గిన్నెలకి అర్థమవుతున్నట్టే ఉంది, నాకే కావడం లేదు.

శనివారం బడి గోడకి సున్నం వేస్తూ పరంజా మీంచి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ముప్పై ఏళ్ళుగా నేను గోడలకి పట్టించింది ఆ ఎముకల డాక్టరు కాసేపట్లో నా చేతికి పట్టించి పంపాడు. పిండికట్టు పనితనం సుమారు. అంచులు సాపు చెయ్యలేదు. నా దగ్గర చేరితే కూలి కూడా ఇవ్వను.

పడడానికి కారణం మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు. పరంజా కట్టేది వాడు, ఎక్కేది నేను. పెళ్ళైన కొత్తలో పెట్టుకున్న ఏర్పాటు ఇది. వాడు కట్టిన ముడి ఊడింది, నేను పడ్డాను. ఆ మాట అక్కడికక్కడే అన్నాను. అందుకే గిన్నెలు మాట్లాడుతున్నాయి.

పడింది చాలా ఎత్తు నుంచి.

మార్చి 5, మంగళవారం

ముడి ఊడింది. నేను కళ్ళారా చూశాను.

మార్చి 7, గురువారం

ఎముకల డాక్టరు ఫిలిం వెలుతురుకి పెట్టి, దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు.

"మేస్త్రీ గారూ, ఎంత ఎత్తు నుంచి పడ్డారన్నారు?"

"నడుమెత్తు ఉంటుందండీ."

"ఈ ఎముకలు చూసి మీ నాన్నగారి ఫిలిం పెట్టారేమో అనుకున్నాను. సున్నం కారిపోయింది లోపల. ఎందుకు కారిందో తెలియాలి. రక్తపరీక్షలు రాస్తున్నా, చేయించుకుని రండి. అప్పుడు మందు సంగతి చూద్దాం."

చీటీ తీసుకుని బుద్ధిగా తలాడించి వచ్చాను. దాన్ని ఈ డైరీలో ఏప్రిల్ నెలలో పెట్టాను. ఏప్రిల్ వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

చదువుకున్నవాళ్ళతో ఇదే బాధ. గోడకి సున్నం రాలితే గోడ రక్తం తీస్తామా? గీకి, తడిపి, కొత్త సున్నం వేస్తాం. ఎముకలో సున్నం తగ్గితే సున్నం తినాలి. దీనికి అంత ఫీజెందుకు?

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులకని వాళ్ళ చెల్లెలు తెచ్చిన సున్నం బిళ్ళల డబ్బా అలమరలో ఉంది. ఒకటి వేసుకుంటే ఒక పూత. నేను ఏ గోడకీ ఒక్క పూతతో వదల్లేదు.

మార్చి 10, ఆదివారం

బావమరిది వచ్చాడు. భుజాన చుట్ట చుట్టిన తాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అసలు నేను కూర్చోమనలేదనుకుంటా.

"బావా, తాడు తెచ్చాను చూడు. ఎక్కడా తెగలేదు, జారిన గుర్తు లేదు. నువ్వు పడ్డాక కూడా పరంజా నిలబడే ఉంది. నువ్వు రా, చూపిస్తా."

"నాకు చూపించేదేంట్రా? నువ్వు తాడు పట్టుకోవడం నేర్చిందే నా దగ్గర."

"అందుకేగా అడుగుతున్నా. నీ దగ్గర నేర్చిన ముడి ఎలా ఊడుతుంది?"

ఇలాంటి ప్రశ్నలకి నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మధ్య అన్నింటికీ మండుతోందిలే. మండేకాలం కదా.

"ఇంకొక్క మాట మాట్లాడావంటే సున్నంలోకి ఎముక లేకుండా కొడతా" అన్నాను.

వాడు నా పిండికట్టు వంక చూశాడు. పాపం నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడం నాకు కనపడింది. దాంతో ఇంకా మండింది. ఇంకేవో అన్నాను, అవి రాయను.

వాడు తాడు గుమ్మం పక్కన పెట్టబోయి, మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆవిడ వంటింట్లోంచి ఇన్నాళ్ళకి మనిషి భాషలో ఒక్క మాట అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట."

గిన్నెలే నయం.

మార్చి 14, గురువారం

పేజీ రంగు: సముద్రపు లోతు. సరిగ్గా కుదిరింది. కడవెడు నీళ్ళు తాగుతున్నాను, తాగిన కడవా బయటికి పోతోంది. రెండోది మాత్రం నాలుగు రోజులుగా పోవడం లేదు. ఇలా అయితే లోపల ఇల్లు కట్టేస్తుందేమో. సున్నం ఎలాగూ వేస్తున్నాను.

ఒళ్ళు బరువు. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. బిళ్ళలు పనిచేస్తున్నాయన్నమాట. మందన్నాక కాస్త ఒళ్ళు దులపాలి కదా.

మార్చి 19, మంగళవారం

టీ కొట్టు దగ్గర తెలిసింది. మా బావమరిదికి పరంజా పని ఇవ్వడం లేదట. కాంట్రాక్టరు వాణ్ణి కిందే ఉంచి బకెట్లు మోయిస్తున్నాడట. పరంజా కట్టేవాడి ముడి ఊడిందని ఒకసారి పేరొస్తే, వాడు కట్టినదాని మీద పిల్లి కూడా ఎక్కదు. ఈ పనిలో అంతే. వాడికి చదువు లేదు, తాపీ పట్టడం రాదు, రంగు కలపమంటే బురద కలుపుతాడు. వాడికి వచ్చిందల్లా ముడి ఒక్కటే.

ఈ సంగతి కాంట్రాక్టరు దాకా ఎలా వెళ్ళిందో.

మార్చి 22, శుక్రవారం

నేను టీ కొట్టులో ఒకరిద్దరికే చెప్పాను. మిగతావాళ్ళు విన్నారు. వినడం వాళ్ళ తప్పు.

మార్చి 28, గురువారం

నిన్న మధ్యాహ్నం నడుము దగ్గర ఎవరో లోపలినుంచి ఉలి పెట్టి కొట్టారు. నేను మగాణ్ణి, ఓర్చుకున్నాను. వీధి చివరి దర్జీ తన మిషను ఆపి పరుగెత్తుకొచ్చాడంటే, అది వాడి మంచితనం.

ఆస్పత్రిలో ఫొటో తీసి, మూత్రపిండంలో రాయి అన్నారు. మేస్త్రీ ఒంట్లో రాయి. ఇటుకలూ ఇసుకా కూడా దొరికితే ఒక గది లేపొచ్చు.

సూది వేశాక నొప్పి దిగింది. ఇవాళ పొద్దున రక్తం రిపోర్టు పట్టుకుని గ్రంథుల డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయంటే నమ్మే వయసు. మంచం పక్కన కూర్చుని అడిగింది.

"సున్నం బిళ్ళలేమైనా వాడుతున్నారా?"

నేను కిటికీలోంచి చూశాను. మా ఆవిడ నన్ను చూసింది.

"నా డబ్బా ఖాళీ అయితే ఎలుకలేమో అనుకున్నానమ్మా. మోకాళ్ళ నొప్పులున్న ఎలుకలు."

"ఇవాళ్టి నుంచి ఒక్కటీ వద్దు. మీ ఎముకల్లో సున్నం లేదు. రక్తంలో మాత్రం పొంగి పొర్లుతోంది."

"అదెలాగమ్మా? గోడలో లేకుండా కాలవలో ఉంటుందా?" అన్నాను.

డాక్టరమ్మ నా పిండికట్టు మీదే పెన్ను పెట్టి బొమ్మ గీసింది. పైన ఒక మెడ, దానిలో నాలుగు చుక్కలు.

"మెడలో, థైరాయిడ్ వెనకాల, గోధుమ గింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో సున్నం ఎంతుందో కాపలా కాయడం వాటి పని. తగ్గిందనుకోండి, ఒక హార్మోను వదులుతాయి. అది ఎముక దగ్గరికెళ్ళి కాస్త సున్నం అప్పివ్వమంటుంది. మూత్రపిండంతో ఉన్న సున్నం పోనివ్వకంటుంది. అక్కడే డి విటమిన్‌ని పనికొచ్చేలా చేయిస్తుంది, అది పేగుకి చెప్పి తిన్నదాంట్లోంచి ఇంకాస్త లాగిస్తుంది. రక్తంలో సున్నం సరిపోగానే గ్రంథి నోరు మూసుకోవాలి."

"మూసుకోలేదా?"

"మీకున్న నాలుగింట్లో ఒకటి మూసుకోవడం లేదనిపిస్తోంది."

"ఈయన గ్రంథే కదమ్మా" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఈ మధ్య నవ్వు రావడం లేదు, అది కూడా కారిపోయినట్టుంది.

"ఇంకొకటి. ఎముకంటే ఒట్టి సున్నం కాదు. సున్నం, భాస్వరం కలిస్తేనే ఎముక. మీ పనిలో…"

"సున్నం, ఇసుక."

"అదే. ఎముకలోంచి రెండూ ఊడొస్తాయి. ఆ హార్మోను సున్నాన్ని ఉంచి, భాస్వరాన్ని మూత్రంలోకి తోయించేస్తుంది."

"ఇసుక పారబోసుకుంటుందా? ఏం తెలివమ్మా అది?"

"మంచి తెలివే. రెండూ రక్తంలో ఎక్కువైతే అవి అక్కడే గట్టిపడతాయి. అందుకని ఒకదాన్ని పంపించేస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియనప్పుడే చిక్కు. మీ మూత్రపిండం మాత్రం అంత సున్నాన్ని ఎంతకని ఆపుతుంది? పొర్లింది పొర్లినట్టు అందులోకే దిగి రాయి కట్టింది."

కంచే చేను మేసిందంటే ఇదే. నేనేమో చేను పాడైందని, ఆ కంచెకే రోజూ పచ్చగడ్డి మేపాను.

మా ఆవిడ కొంగు సర్దుకుని ముందుకి జరిగింది. "అమ్మా, ఈయనకి ఈ మధ్య చీటికీ మాటికీ కోపం. మతిమరుపు. ఊరికే దిగులు. మునుపు ఇలా కాదు, చావు ఇంట్లో కూడా నవ్వించేవాడు. అదీ సున్నం వల్లేనా?"

"రక్తంలో ఇంత ఉంటే మనసు మీదా పడుతుంది. కొంత దానివల్లే."

"మిగతాది?"

"మిగతాదానికి మా దగ్గర ఆపరేషన్ లేదమ్మా."

ఆడవాళ్ళిద్దరూ చాలాకాలంగా తెలిసినవాళ్ళలాగా నవ్వుకున్నారు. నేను గోడ చూశాను. చవకరకం పుట్టీ, మూడు చోట్ల ఉబ్బింది.

వెళ్ళబోతూ డాక్టరమ్మ ఆగింది. "మణికట్టు ఎలా విరిగింది?"

"పరంజా ముడి ఊడి పడ్డాను."

"ఎంత ఎత్తు?"

"మోకాలెత్తు."

మా ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఇలాంటి ఎముకలు ఊరికే ఆనుకున్నా విరుగుతాయి. గుర్తు తెచ్చుకుని చెప్పండి. పడ్డాక విరిగిందా? విరిగాక పడ్డారా?"

దాహంగా ఉంది, నీళ్ళు కావాలి అన్నాను.

మార్చి 30, శనివారం

పడ్డాక విరిగిందా, విరిగాక పడ్డానా.

ఏం ప్రశ్న ఇది. దీనికి కూడా బిల్లులో వేశారేమో చూడాలి.

ఏప్రిల్ 4, గురువారం

మెడకి ఏదో వెలుగు ఫొటో తీశారు. దొంగ దొరికాడు. ఎడమపక్క కిందిది. గోధుమ గింజంత ఉండాల్సింది శనగ గింజంత అయింది. నా సొమ్ము తిని ఒళ్ళు చేసింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ ఫొటోవాడు పట్టాడు.

మంగళవారం కోస్తారట. కోసే డాక్టరు మంచివాడే, అన్నీ ముందే చెప్పాడు. "గొంతుకి వెళ్ళే నరం పక్కనే ఉంటుంది. జాగ్రత్తగానే చేస్తాం. అయినా కొందరికి కొన్నాళ్ళు గొంతు బొంగురుపోతుంది. ఎప్పుడో ఒకరికి అలాగే ఉండిపోతుంది."

మా ఆవిడ చీర మడతపెడుతూ, "దేవుడు ఒక్కోసారి వింటాడు" అంది.

అన్నాక బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడిందట.

ఏప్రిల్ 7, ఆదివారం

గొంతు ఉండగా ఒక పని ఉందని బావమరిది ఇంటికి వెళ్ళాను. పక్కవీధే. అరుగు మీద కూర్చుని తాడుకి మైనం రాస్తున్నాడు. పని లేని తాడుకి మైనం ఎందుకో.

"కూర్చో బావా." వాడు అన్నాడు. నేను ఆ రోజు అనని మాట.

కూర్చున్నాను.

"మంగళవారమట కదా. అక్క చెప్పింది."

"ఆ."

"భయమా?"

"నాకా? శనగ గింజకా?"

తర్వాత ఎండల గురించి మాట్లాడాను. ఈ ఏడు ఎండలు ఎక్కువన్నాను. సున్నం తొందరగా ఆరిపోతోందన్నాను. పక్కింటి కుక్క చిక్కిపోయిందన్నాను. కుక్క గురించి నేను అంత వివరంగా ఎప్పుడూ మాట్లాడలేదు. వాడు ప్రతిదానికీ 'అవును బావా' అన్నాడు. చేతులకి రంగు మరకల్లేవు, బకెట్ల కడియాలు ఒరుసుకుపోయిన గాట్లున్నాయి.

లేచి వచ్చేశాను.

గోడ దగ్గర అసలు ఏమైందంటే

(ఇక్కడ పెన్నులో సిరా అయిపోయింది.)

(వేరే పెన్ను దొరికింది. నిద్రొస్తోంది.)

ఏప్రిల్ 10, బుధవారం

కోశారు. తీశారు. మాట రావడం లేదు.

అంటే వస్తోంది. 'నీళ్ళు' అన్నాను, కుర్చీ ఈడ్చినట్టు వచ్చింది. నర్సు వెళ్ళి తలుపు సరిగా వేసొచ్చింది.

ఏప్రిల్ 12, శుక్రవారం

నిన్న ఇంటికి పంపారు. సంచినిండా మందులు. విప్పి చూస్తే సున్నం బిళ్ళలు! రోజుకి ఇన్నని, డి విటమిన్‌తో కలిపి. మేం గది ఖాళీ చేస్తుంటే ఒక చిన్న డాక్టరు ఏదో గబగబా చెప్పాడు. అప్పుడు నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

"మొన్న విషమన్నారు, ఇవాళ అమృతమంటున్నారు. ఏదో ఒక మాట మీద ఉండరా వీళ్ళు?" అంది మా ఆవిడ. అన్నా, లెక్కప్రకారం తీసి నా చేతిలో పెడుతోంది.

నేను ఒకసారి మోసపోయినవాణ్ణి. ఏది విషమో నేర్చుకున్నాను. మా ఆవిడ అటు తిరగ్గానే బిళ్ళల్ని మంచం కింది ఖాళీ రంగు డబ్బాలో వేస్తున్నాను. మూత గట్టిగా పడుతుంది. మంచి కంపెనీ.

ఏప్రిల్ 13, శనివారం

పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. వేళ్ళ చివర్లు జుమ్మంటున్నాయి. ఆపరేషన్ అన్నాక ఆమాత్రం చీమలుంటాయి.

ఏప్రిల్ 16, మంగళవారం

చేతులు ఇవాళ మాట వింటున్నాయి కాబట్టి రాస్తున్నాను.

శనివారం భోజనాలయ్యాక కుడిచెయ్యి దానంతటది ముడుచుకుపోయింది. బొటనవేలు అరచేతిలోకి దూరింది, మిగతా వేళ్ళు కర్రల్లా బిగిసి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. సన్నమూతి డబ్బాలో చెయ్యి పెట్టబోతున్నవాడిలా. విప్పుదామని ఎడమచేతిని పిలిస్తే, పిండికట్టులోంచి బయటికున్న ఆ వేళ్ళూ అలాగే అయ్యాయి. పిక్కలు పట్టేశాయి. అరుద్దామంటే కుర్చీ ఈడ్చిన చప్పుడు.

మా ఆవిడ చూసింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురండి, బండి పంపాలంటే ఆలస్యమవుతుంది అన్నారు. వీధిలోకి పరుగెత్తింది. వచ్చేటప్పుడు వెనకాల బావమరిది, వాడి మోటారుసైకిలు.

ఎత్తి వెనకసీటు మీద కూర్చోబెట్టాడు. "గట్టిగా పట్టుకో బావా."

రెండు చేతులూ చూపించాను. దేంతో పట్టుకోను?

వాడు ఒక్క క్షణం చూశాడు. బండి పక్కసంచీలోంచి తాడు తీశాడు. అదే తాడు, మైనం రాసింది. నా నడుం చుట్టూ తిప్పి, తన నడుం చుట్టూ తిప్పి, ముందుకి తెచ్చి ముడి వేశాడు. ఇద్దరం ఒక కట్టెలమోపు అయ్యాం.

మా ఆవిడ ఏడుస్తూనే అంది, "చూసుకోవయ్యా, వాడి ముడి ఊడుతుందేమో."

జవాబివ్వడానికి నోరు తెరిచాను. కీచుమంది. బండి కదిలింది.

ఆస్పత్రికి దారి టీ కొట్టు ముందునుంచే. వేరే దారి లేదా అంటే, ఉంది, చుట్టు. అక్కడ రోడ్డు తవ్వి గుంటలు చేశారు కాబట్టి బండి నెమ్మదించాలి. బెంచీల మీద అందరూ ఉన్నారు. నేను చెప్పిన ఒకరిద్దరూ, విన్న మిగతావాళ్ళూ. గ్లాసులు గాల్లో ఆగాయి. ఊడిపోయే ముడిగాడికి అదే ముడితో కట్టేసుకుని, రెండు చేతులూ కొంగముక్కుల్లా పైకెత్తి, వాడి వీపుకి అతుక్కుపోయి వెళ్తున్నాను. గుంటలో పడ్డప్పుడల్లా ఎగిరాను. ఎగిరిన ప్రతిసారీ ఆ తాడు నన్ను లాగి మళ్ళీ సీటు మీద కూర్చోబెట్టింది.

"మేస్త్రీ, ఊడదు కదా?" అని ఎవరో అరిచారు.

బావమరిది వీపు గట్టిపడింది. నా చెంప దానికి ఆనుకునే ఉంది, తెలుస్తుంది. నేను తల అడ్డంగా ఊపాను. వాళ్ళు చూశారో లేదో తెలియదు. వాడికి మాత్రం వీపు మీద తెలిసే ఉండాలి.

ఆస్పత్రిలో నర్సు ముడి విప్పబోయింది. గోళ్ళు నొప్పిపుట్టాయి గాని ముడి కదల్లేదు. వాడూ విప్పబోయాడు గాని, గుంటల కుదుపులకి అది రాయిలా బిగుసుకుపోయింది.

"ఎవరు కట్టారిది? విప్పడానికి రాదేం?"

"ఊడిపోయేవే కడతాను సిస్టర్. ఇవాళ ఎలాగో పొరపాటైంది" అన్నాడు బావమరిది.

చివరికి పెద్ద కత్తెర తెచ్చి తాడు కోశారు.

సున్నం మందు నరంలోకి మెల్లగా ఎక్కించారు, గుండె మీద తీగలు పెట్టి చూస్తూ. కాసేపటికి వేళ్ళు పాత గొడుగులా ఒక్కొక్క పుల్లా తెరుచుకున్నాయి. డాక్టరమ్మ వచ్చింది, ఆదరాబాదరాగా.

"బిళ్ళలు వేసుకున్నారా?"

మా ఆవిడ "నా చేత్తో ఇచ్చానమ్మా" అంది. నేను కిటికీ కోసం వెతికాను. ఆ గదికి కిటికీ లేదు. సైగలతో మంచం కింది డబ్బా సంగతి చెప్పాను. పెదవుల మీద చీమలు పాకినప్పుడే తల వంచుకుని చెప్పాల్సింది.

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "మేస్త్రీ గారూ, దొంగని తీసేశాం. ఇన్నాళ్ళు దోపిడీ అయిన ఎముకలు ఆకలి మీదున్నాయి. రక్తంలో ఉన్న సున్నాన్నీ భాస్వరాన్నీ గుప్పిళ్ళతో లాక్కుంటున్నాయి. మిగతా మూడు గ్రంథులూ పనిలేక నిద్రపోయాయి, లేవడానికి టైం పడుతుంది. అవి లేచేదాకా రక్తానికి సున్నం మీరే పెట్టాలి. అప్పుడు ఎక్కువై ప్రమాదం, ఇప్పుడు తక్కువై ప్రమాదం. రోజు మారింది, మందు మారింది. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె పట్టుకునేది."

పిండికట్టు మీద తను గీసిన నాలుగు చుక్కల్లో ఒకటి పెన్నుతో కొట్టేసి వెళ్ళిపోయింది.

బావమరిది గోడవార నిలబడి కోసిన తాడు రెండు ముక్కలూ చుట్ట చుడుతున్నాడు. నేను "ఒరేయ్" అన్నాను. కీచుమంది. వాడు దగ్గరికి వచ్చి చెవి పెట్టాడు. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి అదీ రాలేదు.

"ముందు గొంతు రానీ బావా. తిట్లు ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

మే 6, సోమవారం

పేజీ రంగు: గుడ్డు పెంకు తెలుపు. పిండికట్టు తీసేశారు. గొంతు తుప్పు పట్టిన గేటులా అయింది, అంటే మెరుగే. బిళ్ళలు వేసుకుంటున్నాను. మా ఆవిడ నోరు తెరిపించి నాలిక కింద కూడా చూస్తోంది. నిన్న నేనేదో అంటే పగలబడి నవ్వింది. ఏమన్నానో గుర్తులేదు, నవ్వడం గుర్తుంది.

ఇవాళ బడి దగ్గరికి వెళ్ళాను. నేను పడ్డప్పటి నుంచి ఆ గోడ సగం తెలుపు, సగం మాసినట్టే ఉంది. సెలవులు అయిపోయేలోగా ముగించమని కాంట్రాక్టరు మా బావమరిది చేత పరంజా కట్టించాడు, ఇంకెవరూ దొరక్క. రంగులవాళ్ళు నలుగురు కింద నిలబడి టీ తాగుతున్నారు. టీ అయిపోయినా గ్లాసులు ఊదుతున్నారు. ఎవరూ ఎక్కడం లేదు. వాడు ఎవరి వంకా చూడకుండా, అక్కర్లేని ఒక కర్రని మళ్ళీ మళ్ళీ తడుతున్నాడు.

కోసిన తాడు పారేయలేదు. రెండు ముక్కలూ కలిపి ముడివేసి, కింది బల్లకి అదే వాడాడు.

ఎత్తులు ఎక్కొద్దంది డాక్టరమ్మ. ఎక్కలేదు. కింది బల్ల మోకాలెత్తు. ఆ రోజు నేను నిలబడ్డదీ ఇదే ఎత్తు. కుంచె పైకి అందక ఎడమచెయ్యి గోడకి ఆనించి ఒరిగాను. మణికట్టులో టక్కుమని ఒక చప్పుడు. అప్పటికి బల్ల నా కాళ్ళ కిందే ఉంది.

వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నాను. నా బరువు తక్కువేం కాదు. కాళ్ళు ఊపాను. ఒక టీ తెమ్మన్నాను. నా గొంతు గేటు కిర్రుమంటే అందరూ ఇటు తిరిగారు.

బావమరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు నడుం మీద పెట్టుకుని, నలుగురికీ వినపడేలా అడిగాడు.

"కూర్చునే ముందు ముడి చూశావా బావా?"

"చూడలేదురా" అన్నాను. "అప్పుడూ చూడలేదు."